బాఖ్ చివరి కొరాల్: కథ, కాగితాలు

1751లో జర్మనీలో ఒక సంగీత గ్రంథం అచ్చయింది. రచయిత యోహాన్ సెబాస్టియన్ బాఖ్ కన్నుమూసి అప్పటికి ఏడాది కావస్తోంది. పుస్తకం పేరు ‘ఫ్యూగ్ కళ’. ఒక్క చిన్న స్వరపంక్తిని తీసుకుని దాన్ని ఎన్ని రకాలుగా అల్లవచ్చో చూపించిన రచన అది. అదే పంక్తి ఒకచోట తలకిందులవుతుంది, ఒకచోట సాగుతుంది, మరోచోట కుదించుకుపోతుంది, ఇంకోచోట తన మీద తనే పరుచుకుంటుంది. చివరికి వచ్చేసరికి ఒక పెద్ద ఫ్యూగ్ మధ్యలో తెగిపోతుంది. దాన్ని పూర్తి చేసేలోగా ఆయన ఆరోగ్యం సహకరించలేదు. ఆ లోటు పూడ్చడానికి ప్రచురణకర్తలు పుస్తకం ఆఖర్న మరో చిన్న రచన చేర్చారు. అది నాలుగు గొంతుల్లో కట్టిన ఒక కొరాల్, అంటే చర్చి పాట. దాని గురించి శీర్షిక పుట వెనక చిన్న ప్రకటన కూడా వేశారు. స్వర్గస్థుడైన రచయిత చూపు పోయిన స్థితిలో ఆ పాటను అప్పటికప్పుడు అల్లి ఒక మిత్రుడికి చెప్పి రాయించాడని, అసంపూర్తి ఫ్యూగ్‌కు బదులుగా దాన్ని పాఠకులకు అందిస్తున్నామని అందులోని సారాంశం.

ఆ ఒక్క వాక్యం నుంచి ఒక పెద్ద కథ పెరిగింది. 1802లో యోహాన్ నికోలాస్ ఫోర్కెల్ బాఖ్ జీవితచరిత్ర రాస్తూ ఆ పేరులేని మిత్రుడికి పేరు పెట్టాడు. ఆయన బాఖ్ అల్లుడు, నౌంబుర్గ్‌లో ఆర్గనిస్టు అయిన యోహాన్ క్రిస్టోఫ్ ఆల్ట్‌నికోల్ అన్నాడు. వందేళ్ల తర్వాత ఆల్బర్ట్ ష్వైట్జర్ బాఖ్ మీద తన పెద్ద గ్రంథంలో ఆ గదినే కళ్లకు కట్టించాడు. తెరలు దించిన చీకటి గది, మంచం మీద చూపులేని ముసలాయన, పక్కన కలం పట్టిన అల్లుడు. రాతప్రతిలో రోజురోజుకీ పలచబడుతున్న సిరాలో, వంకరపోయిన గీతల్లో రోగి అలసటను కూడా ఆయన చదివాడు. అప్పటినుంచి ఈ చిన్న రచన లోకానికి ‘మరణశయ్య కొరాల్’ అయింది. కచేరీ కరపత్రాల్లో ఇవాళ్టికీ ఈ కథే అచ్చవుతూ ఉంటుంది.

కథ పూర్తిగా అబద్ధమని నేను అనడం లేదు. అయితే మిగిలిన కాగితాలు చెప్పేది దీనికంటే పెద్ద కథ. అది ఒక రాత్రిలో జరిగింది కాదు. ఒక మనిషి ఒక పాట వరుసను ముప్ఫై ఏళ్లకు పైగా వదలకుండా పట్టుకుని, దాని దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చిన కథ అది. ఆ వరుస అయితే ఆయన పుట్టుకకు దాదాపు నూటనలభై ఏళ్ల ముందుదే. ముందు అక్కడికి వెళ్లాలి.

16వ శతాబ్ది నడిమి జెనీవా. మతసంస్కర్త కాల్విన్ బోధన కింద ఊరు నడుస్తున్న కాలం. గుడిలో పాడవలసినవి దావీదు కీర్తనలే, అదీ అందరికీ అర్థమయ్యే ఫ్రెంచి పద్యాల్లో, అందరూ ఒకే గొంతుగా పాడాలి. వాద్యం ఉండకూడదు. ఆర్గాన్ శబ్దం మాటను కప్పేస్తుందని, మనసును పక్కకు లాగుతుందని వాళ్ల నమ్మకం. ఆ కీర్తనలకు వరుసలు కట్టే పని లూయీ బూర్జువా అనే సంగీతకారుడికి పడింది. 1547లో ఆయన తెచ్చిన సంపుటంలో పది ఆజ్ఞల గీతానికి కట్టిన వరుస ఒకటి ఉంది. పాదానికి ఎనిమిది అక్షరాలు, మొత్తం నాలుగు పాదాలు. గొంతుకు మించిన ఎత్తులు లేవు, పట్టుబడని మలుపులు లేవు. బడిపిల్లవాడు రెండుసార్లు వింటే మూడోసారి తనూ పాడగలడు. తర్వాత 140వ కీర్తనకూ అదే వరుస వాడారు.

ఆ పాట ఎంతుంటుందో తెలుగు పాఠకుడికి తెలియాలంటే ఒక దారి ఉంది. మన పాత మిషన్ చర్చిల్లో ఆరాధన ముగింపులో త్రిత్వస్తుతి పాడే ‘ఓల్డ్ హండ్రెత్’ అనే రాగం చాలామంది చెవిన పడే ఉంటుంది. అదీ జెనీవా కీర్తనల సంపుటంలోదే. 1551లో వచ్చిన ఆ వరుసను కూడా బూర్జువాకే ఆపాదిస్తారు. దాని కొలత కూడా ఇదే: ఎనిమిదేసి అక్షరాల నాలుగు పాదాలు. మనం చెప్పుకుంటున్న వరుస దానికి తోబుట్టువు లాంటిది.

బూర్జువా కథలో ఒక సంగతి నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. జనానికి అలవాటైన కొన్ని వరుసలను అనుమతి లేకుండా మార్చాడన్న నేరం మీద 1551 డిసెంబరులో జెనీవా నగరపాలకులు ఆయన్ని చెరసాలలో పెట్టారు. కాల్విన్ కల్పించుకుని మర్నాడే విడిపించాడు. పాట వరుస మార్చినందుకు మనిషిని జైల్లో వేసిన ఊరది! ఆ వరుసలు వాళ్ల రోజువారీ బతుకులో ఎంత లోతుకు దిగాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. తర్వాతి ఏడాదే ఆయన ఆ ఊరు విడిచాడు. ఆయన వరుసలు మాత్రం అక్కడే నిలిచాయి, సరిహద్దులూ దాటాయి.

ఈ వరుస దాటిన సరిహద్దు జర్మన్ లూథరన్ల వైపు. విట్టెన్‌బర్గ్‌లో లూథర్ సహచరుడైన మెలాంక్తన్‌కు శిష్యుడు, ఆ ఊరి పెద్ద చర్చికి పాస్టరు అయిన పౌల్ ఏబర్ ఒక ప్రార్థనాగీతం రాశాడు. తన గురువు యోఆఖిమ్ కమెరారియుస్ లాటిన్‌లో రాసిన పద్యం దానికి ఆధారం. ఆ రెంటికీ మూలం దినవృత్తాంతాల రెండో గ్రంథంలోని యెహోషాపాతు రాజు ప్రార్థన. శత్రుసేన చుట్టుముట్టినప్పుడు ఏం చేయాలో మాకు తోచడం లేదు, మా చూపు నీమీదనే ఉంది అని దేవుడితో మొరపెట్టుకున్న ఘట్టం అది. ‘మేము మహా ఆపదలో ఉన్నప్పుడు’ అన్న అర్థం వచ్చే మాటలతో ఏబర్ గీతం మొదలవుతుంది. పాదానికి ఎనిమిది అక్షరాలే కనుక జెనీవా వరుస దానికి చక్కగా అమిరింది. కాలక్రమంలో ఆ మాటలకు ఆ వరుసే స్థిరపడింది.

మనకిది కొత్త సంగతి కాదు. యక్షగానాల్లో, నాటకాల్లో ‘ఫలానా పాట మట్టు’ అని పైన రాసి కింద కొత్త మాటలు రాసుకోవడం మనవాళ్లు ఎరిగిందే. కర్ణాటక సంగీతంలో దీన్నే వర్ణమెట్టు అంటారు. జెనీవాలో ఆజ్ఞలు చెప్పిన మట్టే జర్మనీలో ఆపదమొక్కుగా మారింది. వాద్యం వద్దన్న గుడిలో పుట్టిన పాట, వాద్యాన్నే పెద్దపీట మీద కూర్చోబెట్టిన గుడికి కాపురానికి వచ్చింది.

లూథరన్ చర్చిలో ఆర్గాన్‌ది అలంకారం పాత్ర కాదు. సంఘం పాడబోయే పాట వరుసను ముందుగా వినిపించి, దాని భావం మనసుకెక్కేలా చేయడం ఆర్గనిస్టు బాధ్యత. ఆ పనికోసం పుట్టిన ప్రక్రియే కొరాల్ ప్రెల్యూడ్. సంఘగీతాన్ని జర్మన్లు కొరాల్ అంటారు, దానికి ఆర్గాన్ మీద కట్టిన ముందుమాట అన్నమాట. ఇక ఆర్గాన్ అంటే హార్మోనియం లాంటి పెట్టె అనుకోకూడదు. గోడ పొడవునా నిలబెట్టిన వందలాది గొట్టాలుంటాయి. కొన్ని తగరం, సీసం కలిపి పోసినవి, కొన్ని చెక్కవి. వాయించేవాడి ముందు రెండు మూడు వరసల మెట్లు, కాళ్ల కింద మరో వరస. గొట్టాల గుంపులను తెరవడానికి, మూయడానికి అటూ ఇటూ లాగే కొయ్య పిడులు. వెనక ఎక్కడో కనిపించని మనిషొకడు కొలిమి తిత్తుల్లాంటి పెద్ద తిత్తులను కాలితో తొక్కుతూ ఉండాలి. అతను ఆగితే సంగీతం ఆగుతుంది. కొత్త ఆర్గాన్‌ను పరీక్షించడానికి పిలిస్తే బాఖ్ ముందుగా గొట్టాలన్నీ తెరిచి ఒక్కసారిగా మోగించేవాడట. దీని ఊపిరితిత్తులు గట్టివో కావో ముందు తేలాలి అనేవాడట. ఆయన కొడుకు కార్ల్ ఫిలిప్ ఎమానుయెల్ తండ్రిని తలచుకుంటూ ఫోర్కెల్‌కు రాసిన మాట ఇది.

బాఖ్ 1708లో, 23 ఏళ్ల వయసులో, వైమార్ ప్రభువు కొలువులో ఆర్గనిస్టుగా చేరాడు. కోటలోని ఆ చర్చి విచిత్రమైన కట్టడం. ఆర్గాన్ ఉన్న అర నేలకు 20 మీటర్ల ఎత్తున, పైకప్పుకు ఆనుకుని ఉండేది. కింద కూర్చున్నవాళ్లకు వాద్యం కనబడదు, ఆకాశం రంగులు పూసిన కప్పులోంచి నాదం దిగివస్తుంది. ఆ చర్చికి ‘స్వర్గకోట’ అని పేరు. 1774లో అది కాలిపోయింది. అందులో వాయించడానికి బాఖ్ రాసుకున్న చిన్న పుస్తకం మాత్రం మిగిలింది.

ఆ పుస్తకం పేరు ఓర్గెల్‌బ్యూఖ్‌లైన్, అంటే చిన్న ఆర్గాన్ పుస్తకం. చేతిలో ఇమిడే అడ్డ పుస్తకం. చర్చి సంవత్సరంలో వచ్చే పండుగల క్రమంలో 164 కొరాళ్లకు చోటు కేటాయించి, ఖాళీ పుటల మీద పేర్లు ముందే రాసి పెట్టుకున్నాడు. తర్వాత ఒక్కొక్కటీ నింపుతూ వచ్చాడు. పూర్తయినవి 46. మిగతా పుటల్లో శీర్షికా, దాని కింద ఖాళీ స్వరరేఖలూ అలాగే ఉండిపోయాయి. ఆ నలభై ఆరింటిలో ఏబర్ ప్రార్థనాగీతం ఒకటి. పండితులు దానికి ఇచ్చిన సంఖ్య బీడబ్ల్యూవీ 641.

దాని నిడివి తొమ్మిది బార్లు మాత్రమే. బార్ అంటే పాశ్చాత్య రాతలో తాళపు ఒక ఆవర్తం. వాయిస్తే రెండు నిమిషాలు. కుడిచేయి ఒక మెట్ల వరస మీద పాటను పలికిస్తుంది. అయితే జెనీవా వరుస అక్కడ తిన్నగా వినబడదు. ప్రతి స్వరం చుట్టూ కంపనలు, జారుళ్లు, చిన్న చిన్న పరుగులు. మన చెవికి గమకాలే గుర్తొస్తాయి. ఒక స్వరం నుంచి పక్క స్వరానికి వెళ్లే లోపు వేలు ఎన్ని మెలికలు తిరుగుతుందో చెప్పలేం. ఆ పుస్తకంలో పాటను ఇంతగా అలంకరించినవి మూడే ఉన్నాయి. ఎడమచేయి, పాదాలు మరో వరస మీద నెమ్మదిగా, లోగొంతుతో నడుస్తాయి. కాస్త చెవిపెట్టి వింటే ఆ కింది గొంతులు కూడా వేరే మాట చెప్పడం లేదని తెలుస్తుంది. పాట మొదట్లోని నాలుగు స్వరాలనే తీసుకుని వాటినే తిన్నగా, తలకిందులుగా అనుకుంటూ పోతాయి. పైన గొంతు ఎంత విలపించినా కింద ప్రార్థన ఒక్కటే. ఈ తొమ్మిది బార్లలో నా దృష్టికి అన్నిటికంటే విలువైనది ఇదే. తర్వాతి కథంతా ఈ కింది గొంతులదే.

1717లో కొలువు మారతానని పట్టుబట్టినందుకు వైమార్ ప్రభువు బాఖ్‌ను దాదాపు నాలుగు వారాలు నిర్బంధంలో ఉంచి, డిసెంబరు 2న పంపించేశాడు. ఈ వరుస కట్టినవాడూ, దాన్ని ఆర్గాన్ మీద నిలిపినవాడూ ఇద్దరూ చెరసాల చూసినవాళ్లే. కోటెన్‌లో అయిదేళ్లకు పైగా గడిపి 1723లో బాఖ్ లైప్‌జిగ్ చేరాడు. అక్కడ ఆయన ఉద్యోగం ఆర్గనిస్టుది కాదు. థామస్ బడి పిల్లలకు పాట నేర్పించడం, ఊరి ప్రధాన చర్చిల్లో సంగీతం నడిపించడం. మాట్లాడితే పెద్ద ఆర్గాన్ల పరీక్షకు ఆయన్నే పిలిచేవారు కానీ, తనకంటూ ఎప్పుడూ వాయించుకోవడానికి నిజంగా గొప్ప ఆర్గాన్ ఒక్కటీ దొరకలేదని బాధపడేవాడని ఆయన మరణం తర్వాత వెలువడిన స్మృతివ్యాసం చెబుతుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు దగ్గరగా వచ్చే ఒక ఊరి పేరు చెప్పాలి. అది లైప్‌జిగ్‌కు ముప్ఫై, నలభై కిలోమీటర్ల దూరంలోని హాలె. 1716లో హాలె పెద్ద చర్చిలో కట్టిన 65 స్టాపుల (గొట్టాల గుంపుల) ఆర్గాన్‌ను పరీక్షించినవాళ్లలో బాఖ్ ఒకడు. అదే చర్చికి 1746లో ఆయన పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమన్ ఆర్గనిస్టుగా వచ్చాడు. సరిగ్గా ఆ ఏడాదే అదే ఊళ్లో, మద్రాసు నుంచి తిరిగివచ్చిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు అవే. ఆ చర్చి ఆర్గాన్‌కూ ఈ అచ్చుయంత్రానికీ ఏదో సంబంధం ఉందని నేను చెప్పబోవడం లేదు. లూథర్ చిన్న ప్రశ్నోత్తరి తెలుగు అక్షరాల్లోకి వచ్చిన వీధులూ, బాఖ్ కొడుకు కొరాళ్లు వాయించిన వీధులూ ఒకటేనన్న సంగతి మన సాహిత్య చరిత్రల్లో కూడా ఒక వాక్యంగా ఉండదగ్గది.

లైప్‌జిగ్‌లో చివరి పదేళ్లలో బాఖ్ పాత రచనలన్నీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. వైమార్ నాటి పెద్ద కొరాళ్లను ఒక్కొక్కటే తీసి, దిద్ది, కొన్నిటిని పెంచి, శుభ్రమైన ప్రతిగా రాసుకున్నాడు. ఇప్పుడు బెర్లిన్ స్టేట్ లైబ్రరీలో పి 271 అన్న సంఖ్యతో ఉన్న రాతప్రతి అదే. దానిలో పదిహేను కొరాళ్లు ఆయన చేతిరాతలో, తర్వాతి రెండు అల్లుడు ఆల్ట్‌నికోల్ చేతిరాతలో ఉన్నాయి. ఆ తర్వాత ఒక క్రిస్మస్ పాట మీద కట్టిన కానన్ వరుసలు. వాటి వెనక, ఆఖర్న, మన కొరాల్.

వైమార్‌లో రాసిన తొమ్మిది బార్లు ఇక్కడ ఏమయ్యాయో చూడాలి. బాఖ్ ముందు చేసింది తీసివేత. పైగొంతు మీద వేసిన అలంకారాలు దాదాపు అన్నీ ఒలిచేశాడు. కంపనలు లేవు, పరుగులు లేవు. బూర్జువా వరుస దాదాపు ఉన్నదున్నట్టు, ఒక్కో స్వరం నిలకడగా బయటపడింది. స్వరాల కొలతను రెట్టింపు చేశాడు. ఆ పాటకింద నడిచిన ఎడమచేతి గొంతులు, పాదాల గొంతు మాత్రం దాదాపు మారలేదు. యవ్వనంలో రాసిన ఆ అల్లిక ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ఆయనకు దిద్దనక్కరలేనిదిగానే కనిపించింది.

చేర్పు పాట పాదాల నడుమ ఖాళీల్లో జరిగింది. పాటలోని ప్రతి పాదం రాకముందు కింది మూడు గొంతులు దాన్ని ముందే ఎత్తుకుంటాయి. పైగొంతు నడిచే కొలతలో సగానికి, చురుకుగా, ఒక గొంతు పాదాన్ని తిన్నగా పలుకుతుంది. మరో గొంతు వెంటనే దాన్ని తలకిందులు చేసి పలుకుతుంది, పైకెక్కిన చోట దిగుతూ, దిగిన చోట ఎక్కుతూ. ఇలా కింద అంతా సిద్ధమయ్యాక అప్పుడు పైన పాట పాదం వస్తుంది. నాలుగు పాదాలకూ నాలుగు సార్లు ఇదే క్రమం. చివరి స్వరం పైన నిలిచి ఉండగా కింది గొంతులు తమ మాట ముగించుకుంటాయి. మొత్తం 45 బార్లు. తొమ్మిది బార్లలో చెవిపెడితేనే వినిపించిన కింది గొంతుల ప్రార్థన ఇక్కడ రచన మొత్తానికీ నిర్మాణమైంది.

చూపులేని మనిషి దీన్ని ఉన్నపాటున అల్లి నోటితో చెప్పాడా? 1749 నాటికే బాఖ్ ఆరోగ్యం చెడింది, చూపు మందగించింది. 1750 మార్చి చివర్లో ఒకసారి, ఏప్రిల్ మొదట్లో మరోసారి జాన్ టేలర్ అనే ఇంగ్లీషు కంటివైద్యుడు శస్త్రచికిత్స చేశాడు. స్వరకర్త హాండెల్‌కు కూడా తర్వాత చికిత్స చేసి ఫలితం సాధించలేకపోయినవాడే ఈ టేలర్. బాఖ్ చూపు పూర్తిగా పోయింది. మందులు, రక్తం తీయడాలు శరీరాన్ని మరింత కుంగదీశాయి. జులైలో ఒక ఉదయం హఠాత్తుగా చూపు తిరిగివచ్చిందనీ, కొన్ని గంటలకే పక్షవాతం, తీవ్రజ్వరం వచ్చాయనీ స్మృతివ్యాసం చెబుతుంది. 22న ఇంట్లోనే ప్రభురాత్రి భోజన సంస్కారం తీసుకున్నాడు. 28 సాయంత్రం ఎనిమిదింబావు దాటాక ప్రాణం పోయింది. ఆయనకు 65 ఏళ్లు.

1974లో క్రిస్టోఫ్ వోల్ఫ్ అనే చరిత్రకారుడు ఈ కథనూ, కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయన ఎత్తిచూపినవి చిన్న సంగతులే, అయినా గట్టివి. అచ్చుపుస్తకంలో ఉన్న రూపానికి పాత పేరే ఉంది, ఏబర్ గీతం పేరు. పి 271 రాతప్రతిలో ఉన్న రూపానికి వేరే పేరు ఉంది: ‘నీ సింహాసనం ఎదుటికి ఇదిగో వస్తున్నాను’ అన్న అర్థం వచ్చే మరో గీతం శీర్షిక. ఈ రెండో రూపంలో అక్కడక్కడా లయ, గొంతుల కదలిక మరింత సాఫీగా దిద్ది ఉన్నాయి. అంటే అచ్చైనది ముందుది, రాతప్రతిలోది తర్వాతిది. చెప్పి రాయించాడన్న ప్రకటన ఏ రూపానికి తగిలించారో ఆ రూపం అప్పటికే ఇంట్లో ఉన్న పాత కాగితమే. ఇక ఆ ప్రకటన వెనక ఉన్న కొడుకు ఎమానుయెల్ అప్పుడు ప్రష్యా రాజు కొలువులో, బెర్లిన్‌లో ఉన్నాడు. తండ్రి మంచం పక్కన లేడు.

ఫోర్కెల్ చెప్పిన అల్లుడి సంగతి కూడా నిలబడదు. పి 271లో ఈ కొరాల్ రాసిన చేయి ఆల్ట్‌నికోల్‌ది కాదు. అంతకుముందు రెండు కొరాళ్లు ఆయన చేత్తో రాసినవే కనుక పోల్చి చూడటం కష్టం కాదు. పేరు తెలియని మరో నకలుదారు చేతిరాత ఇది. ష్వైట్జర్ అందులో చదివిన పలచని సిరా, రోజువారీ అలసట ఆయన హృదయంలోవే తప్ప కాగితం మీదివి కావు. అంత గొప్ప మనిషి అలా చూశాడంటే ఆ కథకు ఉన్న బలం అలాంటిది. ఆయన్ని తప్పుపట్టాలని నాకు లేదు.

వోల్ఫ్ వాదన ప్రకారం జరిగింది ఇదీ. 45 బార్ల రచన ముందే సిద్ధంగా ఉంది. మంచం పట్టిన బాఖ్ ఎవరిచేతనో దాన్ని వాయించుకుని విన్నాడు. కొన్నిచోట్ల మనసుకు పట్టలేదు. ఇక్కడ ఇలా మార్చు, అక్కడ అలా కదుపు అని చెప్పాడు. చివరికి పేరు కూడా మార్చమన్నాడు. చెప్పి రాయించాడన్న మాట వరకు నిజమే. చెప్పింది మాత్రం కొత్త రచన కాదు, సవరణలు. నాకు ఈ చిత్రమే ఎక్కువ నమ్మదగ్గదిగా, ఎక్కువ గొప్పదిగా తోస్తుంది. దైవావేశంలో పాడిన చివరి పాట కంటే, చావు గుమ్మంలో కూడా తన పాత పనిలో ఒక తప్పు స్వరాన్ని వదలలేని పనివాడి తపన గొప్పది.

పేరు ఎందుకు మారింది? ఆ రెండో గీతం 17వ శతాబ్దిలో బోడో ఫాన్ హోడెన్‌బర్గ్ రాసినదని చెబుతారు. 1646లో హానోవర్ గీతసంపుటంలో వచ్చింది. అదీ ఈ వరుసకే పాడతారు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎప్పుడైనా పాడుకోదగిన ఇంటి ప్రార్థన అది. చివరి చరణంలో మంచి మరణం ఇమ్మనీ, అంత్యదినాన లేపమనీ, నిన్ను ఎల్లకాలం చూడనిమ్మనీ వేడుకోలు ఉంటుంది. ఏబర్ మాటల్లో కష్టంలో ఉన్న ‘మేము’ మొరపెట్టుకుంటాం. హోడెన్‌బర్గ్ మాటల్లో ‘నేను’ ఒక్కడినే నడిచి ముందుకు వస్తాను. వరుస మారకుండానే, పైన శీర్షిక మార్చినంతనే పాట అర్థం మారిపోయింది. మట్టు మార్చకుండా మాటలు మార్చే ఆ పాత ఆచారాన్ని బాఖ్ ఇక్కడ తన చావుకు వాడుకున్నాడు. మరణశయ్య కథలో నిజంగా మరణశయ్యకు చెందినది ఈ శీర్షికేనని నా అభిప్రాయం.

ఈ రచనలో అంకెలు లెక్కపెట్టేవాళ్లూ ఉన్నారు. జర్మన్ అక్షరక్రమంలో బాఖ్ ఇంటిపేరు అక్షరాల వరుస సంఖ్యలు కూడితే 14, పేరులోని తొలి అక్షరాలు రెండూ కలిపితే 41 వస్తుంది. చివరి రూపంలో పాట మొదటి పాదంలో 14 స్వరాలు, మొత్తం పాటలో 41 స్వరాలు ఉన్నాయని, ఆయన తన సంతకం చేసి వెళ్లాడని వాదిస్తారు. లెక్క కుదురుతుంది. కానీ దిద్దుబాట్లు ఎందుకు చేశాడో చెవికే తెలుస్తున్నప్పుడు అంకెలను సాక్ష్యానికి పిలవనక్కర లేదు. గొంతు సాఫీగా నడవాలన్నదే ఆ మార్పులన్నిటికీ చాలిన కారణం.

‘ఫ్యూగ్ కళ’ అమ్ముడుపోలేదు. 1756 నాటికి సుమారు ముప్ఫై ప్రతులు మాత్రమే పోయాయి. ఎమానుయెల్ విసిగి దాన్ని అచ్చు వేసిన రాగి పలకలను అమ్మకానికి పెట్టాడు. బాఖ్ రెండో భార్య అన్నా మగ్దలేనా 1760లో ఊరి ధర్మసొమ్ము మీద బతుకుతూ చనిపోయింది. ఈ కొరాల్ మాత్రం ఆర్గనిస్టుల చేతుల్లో నడుస్తూ వచ్చింది. 1896లో, తన ఆఖరి రోజుల్లో, జర్మన్ స్వరకర్త బ్రామ్స్ కూడా పదకొండు కొరాల్ ప్రెల్యూడ్లు రాసి పెట్టాడు. అవి ఆయన మరణం తర్వాత 1902లో అచ్చయ్యాయి. 1993లో రష్యన్ స్వరకర్త సోఫియా గుబైదులినా ఈ కొరాల్ మీదే, హార్ప్సికార్డ్‌కూ అయిదు తంత్రీవాద్యాలకూ ఒక ధ్యానం రాసింది.

పి 271లో ఈ రచన ఉన్న చివరి కాగితం మనకు దక్కలేదు. హోడెన్‌బర్గ్ గీతం శీర్షిక పెట్టిన ఆ దిద్దిన రూపం 25 బార్లు నడిచి 26వ బార్ మధ్యలో పుటతోపాటు ఆగిపోతుంది. అందుకే నేడు దీన్ని వాయించే ఆర్గనిస్టు అక్కడిదాకా రాతప్రతిని అనుసరించి, ఆ తర్వాతి బార్లను 1751 నాటి అచ్చుపుస్తకంలోని పాత రూపం నుంచి తీసుకుని పాటను పూర్తి చేస్తాడు.